మధ్యాహ్నపు విరామము

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు సామెత చెప్పిరి. రోళ్ళు పగులుట మేము చూడలేదు గాని మనుష్యులు నేలగూలుట ఏటేట చూచుచున్నాము. ఫాల్గుణము దాటినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించు వరకును పల్నాటి రెంటచింతల యేమి, గోదావరి యొడ్డున రామగుండమేమి, కడప, కర్నూలు, అనంతపురములేమి, భూమియంతయు పెనమువలె క్రాగును. పత్రికలలో ప్రతిదినము ఒక అంకె పడును: 44, 45, 46 డిగ్రీలు. పఠనమందిరమున పత్రిక విప్పిన పెద్దమనుష్యుడు ఆ అంకెను బిగ్గరగా చదువును, ప్రక్కనున్నవారు 'అబ్బా' యందురు, పంకా వేగము మఱికొంత హెచ్చింపబడును, పుట త్రిప్పబడును.

ఆ అంకె యెట్లు పుట్టినదో ఒకపరి విచారింపుడు. వాతావరణ శాఖవారి ఉష్ణమాపకము ఎండలో నుండదు. తెల్లరంగు పూసిన పెట్టెలో, గాలి చొచ్చునట్లు అమర్చిన పలకల నడుమ, నేలకు నాలుగైదడుగుల యెత్తున, సూర్యరశ్మి సోకకుండ దానిని భద్రపఱతురు. గాలి వేడిమిని సరిగా కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఏర్పఱచిన పద్ధతి యది. అందు దోషము లేదు. కాని 45 డిగ్రీలనగా నీడలోని 45 డిగ్రీలని మనము మఱచుచున్నాము. బేతంచెర్ల, తాండూరు ప్రాంతముల నాపరాతి గనులలో పైనుండి సూర్యుడును, క్రిందనుండి బండయు కాల్చుచుండగా పలుగు పట్టిన కూలివాని యొడలికి తగులు వేడిమి యెంత? పిడుగురాళ్ళలో సున్నపు బట్టీయొద్ద నిలిచినవానికి తగులునది యెంత? ఆ లెక్క ఏ పత్రికలోను పడదు. ఉష్ణమాపకమునకు మనమిచ్చిన నీడను మనుష్యునకు ఇయ్యలేకపోయితిమి. నేడు మేము వ్రాయదలచిన విషయమిదియే.

2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండింటను గలిపి రెండువేల మందికి మించి మరణించినట్లు ప్రభుత్వముల లెక్కలే చెప్పినవి. అందు హెచ్చుపాలు కూలిజనులు, వృద్ధులు, నిలువనీడ లేనివారు. ఒక రైలు ప్రమాదములో రెండువందల మంది పోయినచో దేశమంతయు దద్దరిల్లును. విచారణ సంఘములు కూర్చుండును. మంత్రుల రాజీనామాలు కోరబడును. దానికి పదింతలు ప్రాణములు ఒక్క నెలలో పోయినను 'ఎండలు మండిపోయినవి' అని మాత్రమే అనుకొంటిమి. ఎందుచేత? వడదెబ్బకు శబ్దము లేదు. అది ఒక్కొక్కనిని, ఒక్కొక్క చేనిగట్టున, ఒక్కొక్క రేకుల గుడిసెలో వేఱువేఱుగా తీసికొనిపోవును. గుంపుగా చావనివారికొఱకు గుంపులు కూడవు.

చచ్చినవానికి లెక్కలో చోటు దొరకుటయు సులభము కాదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక బేల్దారి కూలివాని భార్య మా కచ్చేరికి వచ్చినది. భర్త మిట్టమధ్యాహ్నము ఇటుకలు మోయుచు తలతిరిగి పడెను. తోడివారు చెట్టునీడకు చేర్చిరి. ఆసుపత్రి చేరునప్పటికే ప్రాణము పోయినది. కాగితముపై 'గుండె ఆగి మరణము' అని వ్రాసిరి. వడదెబ్బ మరణమని నిర్ధారించుటకు తహశీలుదారు, వైద్యాధికారి, పోలీసు ఉద్యోగి ముగ్గురును చేరిన సంఘమొకటి మన మండలములలో ఏర్పాటైనది గదా! ఆ ముగ్గురి యొద్దకును ఆమె తిరిగినది. శవపరీక్ష జరుగలేదు గనుక సాక్ష్యము చాలదనిరి. 'ఊరందఱు చూచిరి గదా బాబూ, ఇంక ఏమి సాక్ష్యము తేవలెను?' అని ఆమె మమ్ములనడిగినది. ఇరువది యేండ్లుగా న్యాయవాద వృత్తిలోనున్న మేము ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పలేకపోయితిమి. గుండె ఆగని మరణము లోకములో కలదా? ఏ కారణమున ఆగినదని గదా విచారింపవలసినది! వ్యవహారము నడిపితిమి, ఫలము దక్కలేదు. ఆ దినముననే మాకు తోచినది: చచ్చిన తరువాత వ్రాయు కాగితముకంటె, చావకముందు వ్రాయవలసిన శాసనము ముఖ్యమైనది.

ఎండ మనుష్యుని ఎట్లు చంపునో తెలిసికొన్నగాని దానికి తగిన శాసనమెట్టిదో తేలదు. మన యొడలిలోని వేడిమి సుమారు 37 డిగ్రీలు. పనిచేయువాని కండరములు వినియోగించు శక్తిలో నాలుగింట మూడుపాళ్ళకు తగ్గకుండ వేడిమిగానే మాఱును. గాలి చల్లగానున్నప్పుడు ఆ వేడిమి చర్మమునుండి గాలిలోనికి పోవును. గాలియే 45 డిగ్రీలున్నప్పుడు వరుస తలక్రిందులగును. గాలినుండియే వేడిమి యొడలిలోనికి ప్రవేశించును. అప్పుడు మిగిలిన మార్గము చెమట యొక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకెలొరీల వేడిమిని తనతో కొనిపోవును. మట్టికుండ గోడనుండి నీరు చెమ్మగిల్లి ఆవిరియగుటచేత లోపలి నీరు చల్లబడునట్లే మన దేహమును చల్లబడుచున్నది. పొడిగాలి ఆ చెమటను వెంటనే పీల్చుకొనును గనుక మెట్టసీమలలో ప్రాణము నిలుచుచున్నది. సముద్రతీరమున గాలి యందు తేమ హెచ్చు. చెమట కారును గాని ఆఱదు. అందుచేత అచ్చట తక్కువ డిగ్రీలకే ప్రమాదము.

అయితే పొడియెండలో నొక మోసము కలదు. చెమట పట్టినది పట్టినట్లే ఆఱిపోవుటచే, తాను గంటకొక లీటరు నీరు కోల్పోవుచున్నానని పనివానికి తెలియదు. సాయంకాలము చొక్కాపై తెల్లగా కట్టిన ఉప్పును చూచినగాని ఆనాడు ఎంత పోయినదో గ్రహింపడు. నీరు తగ్గినకొలది చెమట తగ్గును. చెమట తగ్గినకొలది ఒడలు క్రాగును. లోపలి వేడిమి 40 డిగ్రీలు దాటినచో బుద్ధి తడబడును, మాట తప్పును, స్మృతి తప్పును. 'త్రాగి తూలుచున్నాడు' అని చూచువారు నవ్వుకొనుచుండగా వాడు చావునకు దగ్గఱపడుచుండును. ఈ స్థితిలో ప్రతి నిమిషము విలువైనది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల మొదలు పాదములవరకు నీటితో తడిపి గట్టిగా విసరవలెను. మెడకును చంకలకును మంచుగడ్డలైన, తడిబట్టలైన చేర్చవలెను. తెలివి తప్పినవాని నోట నీరు పోయరాదు. ఒడలు చల్లబఱచుచునే ఆసుపత్రికి చేర్చవలెను. ఈ నాలుగు మాటలు ప్రతి పఠనమందిరపు గోడపైన పెద్దయక్షరములతో వ్రాయదగినవి.

మన పెద్దలకు ఈ శాస్త్రము తెలియకపోయినను దీని సారము తెలియును. తరవాణి, అంబలి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, చల్దియన్నము, ఉల్లిగడ్డ వేసవి యాహారమైనవి. నీటితోడ ఉప్పును కూడ ఒడలికి చేర్చుట అందలి కిటుకు. వట్టి నీరే కడవలకొలది త్రాగి ఉప్పు చాలక కండరములు పట్టుకొనిపోయినవారు నేడును కలరు. రాయలసీమలో చవుడు కప్పిన మట్టిమిద్దెలు, మందమైన రాతిగోడలు పగటి వేడిమిని లోనికి తొందరగా రానీయవు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుట, వీథి మొగలో చలివేంద్రము పెట్టుట, ముంగిట చలువపందిరి వేయుట మనము మఱవరాని పద్ధతులు.

కాని వీనియన్నిటికంటె గొప్ప ఉపాయమొకటి వారికి తెలియును: పనివేళ. కోడికూతకు కాడి కట్టి, ప్రొద్దెక్కకముందే దున్నకము ముగించి, ఎద్దులను చెట్టునీడకు తోలెడివారు. మధ్యాహ్నము ఎద్దు నీడన నెమరు వేయుచుండ రైతు దాని ప్రక్కన కునుకు తీసెడివాడు. చల్లబడిన పిమ్మట మరల పని. నోరులేని పశువును మిట్టమధ్యాహ్నము కాడికి కట్టుట పాపమని భావించిన జాతి మనది. అప్పుడు పనియు, కాలమును రైతు చేతిలో నుండెను. నేడు పట్టణములలో తాపీ పనివాని వేళ గుత్తదారు చేతిలోనున్నది. హమాలీ వేళ లారీ చేతిలోనున్నది. యింటింటికి మూటలు చేరవేయు కుఱ్ఱవాని వేళ చేతిలోని ఫోను నిర్ణయించుచున్నది. ఎద్దునకు దక్కిన మధ్యాహ్నపు నీడ మనుష్యునకు తప్పిపోయినది.

ఇచ్చట పట్టణవాసులమైన మనము ఒక సత్యమును ఒప్పుకొనవలెను. వేళ మార్చుట అసాధ్యమేమి కాదు. మనకొఱకు మనము ఎప్పుడో మార్చుకొంటిమి. మార్చి నెల సగము గడవగానే మన పిల్లలకు ఒంటిపూట బడులు వచ్చును; ఏప్రిలు కడపట బడులు మూతపడి జూను రెండవ వారము వరకు తెఱువబడవు. మా వృత్తి సంగతియే చూడుడు. వేసవిలో న్యాయస్థానములకు సెలవులు కలవు. అవి చాలక, జిల్లాకోర్టులు మొదలైన క్రింది న్యాయస్థానములలో వేసవియందు నల్లకోటు తొడుగుట తప్పనిసరి కాదని బార్ కౌన్సిలువారు నియమము చేసిరి. పంకా క్రింద నిలిచి వాదించు వకీలునకు కోటు బరువగునని శాసనము కనికరించినది! ఆ న్యాయస్థానపు క్రొత్త భవనమునకు తట్టలు మోయు స్త్రీకొఱకు ఒక్క పంక్తియు వ్రాయబడలేదు. మేమీ మాట నింద కొఱకు వ్రాయుటలేదు, సిగ్గుతో వ్రాయుచున్నాము. ఆ నియమమువలన లాభము పొందినవారిలో మేమునొకరము.

ఇక ఇతర ప్రాంతములు ఏమి చేసినవో చూతము. 1998లో మన పొరుగునున్న ఒడిశాలో వడగాడ్పులకు రెండువేల మందికి మించి మరణించిరి. ఆ ఘోరము పిమ్మట ఆ ప్రభుత్వము మేల్కొని, వేసవి మధ్యాహ్నములందు బయటిపనులు నిలిపి ఉదయ సాయంకాలములకు మార్చవలసినదని ఉత్తరువులు చేయు పద్ధతికి వచ్చినది. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున వేడిమి 46.8 డిగ్రీలకెక్కినది. తరువాత పండితులు మరణముల రిజిస్టర్లు పరిశోధింపగా, సాధారణముగా ఆ నెలలో మరణించువారికంటె 1,344 మంది హెచ్చుగా మరణించిరని తేలినది. ఆ నగరపాలక సంఘము 2013లో ఎండ ముందుజాగ్రత్తల ప్రణాళిక యొకటి తయారుచేసినది. ఎండ హెచ్చు దినములను ముందుగా చాటుట, ఆసుపత్రులను సిద్ధము చేయుట, నీటి కేంద్రములు పెట్టుట, పేదల యిండ్లపై సున్నము పూయించుట అందలి ముఖ్యాంశములు. పిమ్మట మరణములు తగ్గినవని పరిశోధకులు నిర్ణయించిరి. ఎండ తగ్గలేదు, మరణములు తగ్గినవి. ఎండ దైవికము, మరణము మానుషమనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

మఱియొక యుదాహరణము మన గుండెకు దగ్గఱిది. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతములనుండియు, కడప, గోదావరి సీమలనుండియు మనవారు లక్షలకొలది గల్ఫు దేశములకు కూలికి పోయిరి. అవి మన కంటె వేడిదేశములు. అచ్చట కూలివాని హక్కులకు పెట్టినది పేరు కాదని లోకమెఱుగును. అయినను యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు పగలు పండ్రెండున్నర మొదలు మూడు గంటలవరకు ఎండలో పని చేయించుట నిషేధము. కువైట్‌లో జూను, జులై, ఆగస్టు నెలలందు పదునొకండు మొదలు నాలుగు గంటలవరకు నిషేధము. కతర్ దేశము 2021లో చేసిన ఉత్తరువు ప్రకారము జూను 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము పది మొదలు మధ్యాహ్నము మూడున్నర వరకు నిషేధము. అదియుగాక, ఎండ, తేమ, గాలి మూడింటిని కలిపి కొలుచు మాపకము 32.1 డిగ్రీలు దాటినచో ఏ వేళనైనను పని ఆపవలసినదే. ఆ చట్టములు సరిగా అమలు జరుగుటలేదని, అచ్చటను మనవారు చనిపోవుచున్నారని మేమెఱుగుదుము. కాని చట్టమున్నది. చట్టమున్నచోట అది అమలు జరుగలేదని ఫిర్యాదు చేయుటకైన వీలున్నది. దోహాలో ఇటుక పేర్చు జగిత్యాల తాపీమేస్త్రికి మధ్యాహ్నము నీడన కూర్చుండు హక్కు కలదు. వాని తమ్ముడు హైదరాబాదులో అదే ఇటుక పేర్చుచు ఆ హక్కు లేక మండిపోవుచున్నాడు. పరదేశపు రాజులు ఇచ్చినదానిని స్వతంత్ర భారతము తన బిడ్డలకు ఇయ్యలేదనుట మనకు తలవంపు కాదా?

మన చట్టముల స్థితి యెట్లున్నది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి మించి పనిచేయు కర్మాగారములలో వేసవియందు త్రాగునీటిని చల్లబఱచి యియ్యవలెనని అప్పుడే శాసించినది. స్వరాజ్యము వచ్చిన మఱుసటి యేటనే మన శాసనకర్తలకు వేసవి యనునది గుర్తున్నది! కాని అది కర్మాగారపు కప్పు క్రిందివారి మాట. కప్పులేనివారి మాట కాదు. పాత కార్మిక చట్టములను కలిపి కూర్చిన 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21 మొదలు అమలులోనికి వచ్చినది. అందు త్రాగునీరు, విశ్రాంతి స్థలముల మాటలు కలవు. మిట్టమధ్యాహ్నము ఎండలో పని నిలుపవలెనను మాట లేదు. పదిమందికి తక్కువ పనిచేయు చోట్లకు అది సాధారణముగా వర్తింపనే వర్తింపదు. మన వీథులలో లేచుచున్న ఇండ్లలో ఎన్నిట పదిమంది పనిచేయుచున్నారు?

విపత్తుల సంగతి మఱియు చిత్రము. 2021-26 కాలమునకు కేంద్రప్రభుత్వము సహాయనిధులకై గుర్తించిన విపత్తులు పండ్రెండు: తుఫాను, కఱవు, భూకంపము, అగ్నిప్రమాదము, వరద, సునామీ, వడగండ్లవాన, కొండచఱియలు, మంచుగడ్డల పాటు, కుంభవృష్టి, చీడలదాడి, చలిగాలులు. పండ్రెండింటిలో చలిగాలికి చోటు దొరకినది, వడగాలికి దొరకలేదు. తమ ప్రాంతపు విపత్తులకు తమ నిధిలో పదింట నొకపాలు ఖర్చుపెట్టుకొనుటకు మాత్రము రాష్ట్రములకు వీలు కల్పించిరి. ఆ వీలుననుసరించి తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలులో వడగాడ్పును రాష్ట్రవిపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు 50,000 రూపాయలుగా నున్న సహాయమును 4 లక్షలకు పెంచినది. ఇది మెచ్చదగిన పని. కాని ఈ సహాయము చచ్చిన తరువాత వచ్చునది. పైన చెప్పిన ముగ్గురి సంఘము ఒప్పుకొన్నగాని రానిది.

న్యాయస్థానములు ఈ విషయమున శాసనసభలకంటె ఒక యడుగు ముందున్నవి. వాతావరణ మార్పుల దుష్ఫలితములనుండి రక్షణ పొందుట రాజ్యాంగములోని 14, 21 అధికరణముల క్రింద పౌరునకు హక్కని సుప్రీముకోర్టు 2024లో చెప్పినది. ఆ యేటి మే కడపట రాజస్థాన్ హైకోర్టు వడగాడ్పుల మరణములను తనంతట తానే విచారణకు గైకొని, బయటి పనివారికి మధ్యాహ్నపు విశ్రాంతి కల్పింపవలసినదని ప్రభుత్వమునకు సూచించినది. రాజస్థానములోనే ఫలోడి పట్టణమున 2016 మే 19వ తేదీన 51 డిగ్రీలు నమోదైనది. ప్రపంచమంతటికిని 2024 సంవత్సరము అంతవఱకు లెక్కలున్న సంవత్సరములన్నిటిలో మిక్కిలి వేడియైనదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఇంక రాబోవు వేసవులు మన తాతలెఱిగిన వేసవులు కావు. తాతల జాగ్రత్తలు ఉండవలసినవే. అవి యొక్కటియే చాలవు.

కావున మేము కోరునది క్లుప్తముగా ఇది. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు రెండును ఏప్రిలు 1 మొదలు జూను 15 వరకు, పగలు పదునొకండున్నర మొదలు నాలుగు గంటల వరకు నీడలేనిచోట పని చేయించుటను నిషేధించుచు శాసనము చేయవలెను. పదిమంది కన్న తక్కువ యున్నచోట్లకును అది వర్తింపవలెను. ప్రతి పనిచోటను నీడపందిరి, ఉప్పు చక్కెర కలిపిన నీరు, స్త్రీలకు మఱుగుదొడ్డి తప్పనిసరి కావలెను. మఱుగుదొడ్డికిని ఎండకును సంబంధమేమని అడుగువారు కలరు. చాటు లేదను భయమున మన స్త్రీలు దినమంతయు నీరు త్రాగుట మానుకొని పనిచేయుచున్నారు. ఎండలో దీనికంటె వేఱు ప్రమాదము కావలెనా? అన్నిటికంటె ముఖ్యము, ఈ విరామమువలన కూలి తగ్గరాదు.

దీనికి మూడు ఆక్షేపణలు వినబడును. విరామమిచ్చిన పని సాగదనుట మొదటిది. స్లాబు పోయు మేస్త్రిని అడుగుడు: తెల్లవాఱకముందు మొదలుపెట్టిన కాంక్రీటు మిట్టమధ్యాహ్నము పోసినదానికంటె గట్టిగా నిలుచుననియు, ఎండలో పోసినది త్వరగా ఆఱి బీటలు వాఱుననియు అతడే చెప్పును. తెల్లవాఱుజామున అయిదింటికి మొదలుపెట్టి, చల్లబడిన పిమ్మట మరల రెండుగంటలు చేసినచో ఎనిమిది గంటల పని నిండును. విరామము కూలివాని ఆకలి యగునన్నది రెండవ ఆక్షేపణ. ఇది నిజమైన ఆక్షేపణ. కొలతపని చేయువాడు కూర్చున్నచో కూలి పోవును. కాని దీనికి మార్గము మన రాష్ట్రములే చూపినవి. 2005 నాటి ఉపాధిహామీ చట్టము క్రింద వేసవి నెలలలో పనికొలత తగ్గించి కూలి మాత్రము తగ్గింపని పద్ధతిని మనయందు నడిపిరి. చెఱువు మట్టికి చెల్లిన న్యాయము పట్టణపు మేడకు చెల్లదా? ఇట్టి శాసనమును ఎవరు అమలు జరుపుదురన్నది మూడవ ఆక్షేపణ. రహస్యముగా చేయు నేరమునకు పోలీసులు కావలెను; మిట్టమధ్యాహ్నము నడివీథిలో, అందఱి కన్నులయెదుట జరుగు నేరమునకు కన్నులున్న పౌరులు చాలరా?

ఆ పౌరులు మనమే. పఠనమందిరమున ఈ పత్రిక చదువు పెద్దలారా! శాసనము వచ్చువరకు మన చేతిలోనున్నది మనము చేయవద్దా? మీ యింటికి రెండవ అంతస్తు లేచుచున్నచో మేస్త్రిని పిలిచి, 'మధ్యాహ్నము పని వద్దు. కూలి తగ్గింపను' అని ఒక్కమాట చెప్పుడు. మధ్యాహ్నము రెండుగంటలకు మీ గుమ్మమునకు మూట తెచ్చిన కుఱ్ఱవానిని నిలిపి చెంబెడు మజ్జిగ యియ్యుడు. సాయంకాలము తెప్పించుకొనదగిన వస్తువును మధ్యాహ్నము తెప్పించుకొనకుడు. మీ డాబాపై తెల్లని సున్నము పూయించుడు. మీతోపాటు వెనుకవీథిలోని రేకుల యిండ్లకును పూయించుడు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువకప్పుల విధానమును ప్రకటించినది. పెద్ద భవనములకు దానిని నియమము చేసినది. చిన్నయింటికి నియమము అక్కఱలేదు, ఒక బస్తా సున్నము చాలును. ఒంటరిగానున్న ముసలివారి తలుపు దినమునకొకమాఱు తట్టుడు. చలివేంద్రములు తెఱచువారు తెఱవుడు; అది పుణ్యకార్యము. కాని కూలివాడు చలివేంద్రము వఱకు వచ్చుటకు పని విడువవలెను గదా! విడుచుటకు వానికి హక్కు లేనినాడు మన చలివేంద్రము బాటసారికి ఉపకరించును గాని వానికి ఉపకరింపదు.

దయ వేఱు, న్యాయము వేఱు. దయ మన మనస్సునుబట్టి వచ్చును, పోవును. న్యాయము చల్లని దినమునను, వేడి దినమునను ఒక్కరీతిగా నుండవలెను. బారు సంఘములు, పురపాలక సంఘములు, పంచాయతీలు, విద్యార్థి సంఘములు రాబోవు వేసవికి ముందే సభలు చేసి ఈ శాసనమును కోరుచు తీర్మానములు పంపవలెను. ఓటునకు వచ్చు ప్రతి యభ్యర్థిని ఈ ఒక్క ప్రశ్న అడుగవలెను: 'మధ్యాహ్నపు విరామమునకు మీరు అనుకూలురా, కారా?'

మా కచ్చేరికి వచ్చిన ఆ స్త్రీ అడిగిన సాక్ష్యము మేము చూపలేకపోయితిమి. ఆమె కుమారుడు తండ్రి చేసిన పనినే చేయుచున్నాడని వింటిమి. వాని విషయమున మనకు సాక్ష్యముతో పని కలుగకుండ చూచుకొనుట మన విధి.